మృదంగపు ఎడమ మొగము

గత మాసమున మేము తంబురా జీవాళిని గూర్చి వ్రాసిన పిదప వచ్చిన జాబులలో నొకటి యింకను మా బల్లమీదనే యున్నది. పేరు ప్రకటింపవలదని కోరిన యా సోదరి యిట్లు వ్రాసిరి: “మా చిన్నవాడు రెండేండ్లుగా మృదంగము నభ్యసించుచున్నాడు. కుడివైపు చక్కగా పలుకుచున్నది. ఎడమవైపు మాత్రము కచేరీలలో వినవచ్చు గంభీరనాదము రాక, ఖాళీ బియ్యపుడబ్బాను తట్టినట్లున్నది. క్రొత్త వాద్యము కొనుడని కొందరు చెప్పుచున్నారు. మా కంత శక్తి లేదు. ఏమి చేయుదుము?”

మా యుత్తరము మొదటనే చెప్పెదము. ఇప్పుడే కొనవలదు. మృదంగపు ఎడమ మొగమునకు, అనగా తొప్పికి, పుట్టుకతో వచ్చిన స్వరము లేదు. వాయించువారు ప్రతిదినమును దానికి స్వరమును క్రొత్తగా కల్పింపవలసినదే. ఆ కల్పనకు వలయు సామగ్రి గుప్పెడు బొంబాయిరవ్వయు, చెంబెడు నీళ్లును. కనుక నీ విషయము సంగీతశాలకెంత చెందునో మన వంటయింటికిని అంతే చెందును.

మృదంగమును దగ్గరగా పరిశీలించు నవకాశము లేని సోదరీమణులకొరకు కొంత చెప్పుదుము. పనసకొయ్యను తొలిచి చేసిన యీ వాద్యము హెచ్చుశ్రుతిదైనచో సుమారు 22 అంగుళములు, తగ్గుశ్రుతిదైనచో సుమారు 24 అంగుళములు పొడవుండును. కుడి మొగమును వలంతల యందురు. దాని నడుమనున్న నల్లని మచ్చను రాతిపొడియు అన్నపుముద్దయు కలిపి, పొరమీద పొర వేసి నూరి చేయుదురు. అది శాశ్వతముగా నంటియుండును. తొప్పికట్టి మచ్చ లేదు. పైని గేదెతోలు వలయమును, లోపల మేకతోలును ఉండును. వాయించుటకు ముందు రవ్వను నీటితో పిసికి ఆ తోలు నడుమ నంటింతురు. ముగిసిన పిదప తీసివేయుదురు. రెండు మొగములను లాగిపట్టియుండు తోలువారులు మాత్రము ఒక్కటే. ఈ సంగతి ముఖ్యమైనది. ఎడమ అంచును కొట్టి బిగించినచో కుడి మొగపు శ్రుతియు కొంత చలించును. ఒక కాపురమున ఇరువురు కోడండ్రవలె, ఒకరిని కదల్చి రెండవవారిని కదల్పకుండుట సాధ్యము కాదు.

రవ్వముద్దకు ఇంత శక్తి యెక్కడిది? ఉట్టి తోలును బిగించి కొట్టినచో పలుకు ధ్వనులు ఒండొంటితో పొసగవు. మొదటి ధ్వని ఒకటనుకొన్నచో రెండవది దానికి సరిగా రెట్టింపు గాక 1.59 రెట్లుండును, మూడవది 2.14 రెట్లు. అందుచేతనే మామూలు డోలు చప్పుడున స్వరమును పోల్చుకొనలేము. నడుమ భారము పెట్టినచో తోలు కదలిక మందగించి ధ్వని క్రిందికి దిగును. కుడి మొగమునందు ఆ మచ్చ మరింత చిత్రమును చేయును. పై ధ్వనులు రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్లుగా అమరి, తంత్రినుండి వెలువడినట్లు స్పష్టమైన స్వరము పుట్టును. ఈ రహస్యమును చంద్రశేఖర వేంకట రామన్ గారు శివకాళీ కుమార్ గారితో కలసి 1920 లో “నేచర్” పత్రికయందు వెల్లడించిరి. 1934 లో మరల సవిస్తరముగా వ్రాసిరి. లోకమునకు భౌతికశాస్త్రమైనది మన మృదంగకారులకు చేతిపని.

మన పూర్వులకును ఇది క్రొత్త గాదు. బాల్యమున మా తండ్రిగారియొద్ద కాళిదాసును చదువుకొనునపుడు “మాళవికాగ్నిమిత్ర” ప్రథమాంకమున తెరవెనుక మృదంగధ్వని వినబడు ఘట్టము వచ్చెను. నెమళ్లు దానిని మేఘగర్జనమని భ్రమించునట. అచ్చట “మాయూరీ మార్జన” యను మాటయొద్ద మేమాగిపోతిమి. మార్జన మనగా తుడుచుట యని గదా మన మెరుగుదుము. ఇల్లు తుడుచుటకును మృదంగమునకును సంబంధమేమి? తరువాత నాట్యశాస్త్రము తిరుగవేయగా తెలిసినది. వాద్యపు మొగమునకు మట్టిని పూసి స్వరము కుదుర్చుటయే మార్జన. భరతముని మూడు మార్జనలను చెప్పెను: మాయూరి, అర్ధమాయూరి, కార్మారవి. వీనిలో ఎడమ మొగమున కుదుర్పవలసిన స్వరము వేరువేరు. మాయూరియందు ఎడమకు గాంధారము, కుడికి షడ్జము. అనగా ఎడమ మొగమున కొకే స్వరము విధియని నాడెవరును అనుకొనలేదు.

పూయు మట్టినిగూర్చియు ముని నియమము పెట్టినాడు. ఇసుక, గులక, గడ్డి లేని, నదియొడ్డున దొరకు మెత్తని నల్లమన్ను శ్రేష్ఠము. గోధుమపిండిగాని యవలపిండిగాని కొందరు వాడుదురనియు, దానివలన శబ్దము ఏకరూపమగు దోషము కలదనియు గూడ చెప్పెను. ఇంత నిదానముగా పిండిని మట్టిని పోల్చి చూచినవాడు స్వయముగా చేతులు మలినము చేసికొనియే యుండవలెనని మా యూహ. అసలు ఈ వాద్యములు పుట్టినదే పరీక్షవలన. స్వాతిముని యొక యనధ్యయనదినమున నీటికై కొలనికి పోగా, వాన కురిసి, పెద్ద, నడిమి, చిన్న తామరాకులమీద చినుకులు వేరువేరు ధ్వనులు చేసెనట. అది విని యాశ్రమమునకు మరలి విశ్వకర్మ సాయమున పుష్కరవాద్యములను నిర్మించెనని యా గ్రంథమే చెప్పుచున్నది.

ఇక మా యింటి సంగతి. మా అమ్మాయికి పదునొకండేండ్లు. మృదంగము తానే కోరి నేర్చుకొనుచున్నది. వేసవికి వచ్చిన మా వారి మేనత్తగారు పిల్ల సాధన నొకపూట విని, “ఎందుకమ్మా దాని చేతులు కాయలు కాయించుట? ఆడపిల్ల అరచేతికి తొప్పి లొంగునా? హాయిగా వీణ పెట్టించరాదా?” అనిరి. ఆమె మాటకు మేము బదులు చెప్పలేదు. కాని పిల్ల విన్నది. నేర్పుచున్న గురువుగారు గూడ, గుమికి యింకను రాలేదనియు, చేయి పెద్దదగువరకు ఆగవలెననియు చెప్పియుండిరి. గుమికి యనగా తొప్పిని కొట్టి, వెంటనే మణికట్టు మొదలును తోలుమీద నొక్కుచు ముందుకు జరుపుట. అప్పుడు ధ్వని పావురము కూతవలె క్రిందినుండి పైకి జారును. తొప్పి కంతటికి ప్రాణము ఇదే. నాలుగుదినములైన పిమ్మట పిల్ల మృదంగమునకు గుడ్డ కప్పి మూలను పెట్టినది. తండ్రి యడుగగా, “సంక్రాంతినుండి మానివేయుదును నాన్నా” అన్నది.

మా వారు బడిపంతులు. తప్పు లెక్కలో నున్నదో లెక్కచేసినవానిలో నున్నదో ముందు తేల్చవలెనని వారి నియమము. చేయి చిన్నదన్నది నిజమే. కాని తొప్పి సరిగా నున్నదని యెవరు చూచిరి? వరుసగా నాలుగాదివారములు తొప్పిని పరీక్షించి, కనుగొన్నదానిని పుస్తకమున వ్రాయుటకు నిశ్చయమైనది. ఫోనులో తంబురా మ్రోగుచుండగా మేము ముగ్గురము చాపమీద కూర్చుంటిమి.

మొదటి యాదివారము రవ్వ లేకయే వాయింపజేసితిమి. జాబు వ్రాసిన సోదరి చెప్పిన బియ్యపుడబ్బా ధ్వనియే అది. పిదప ఉసిరికాయంత రవ్వముద్ద పెట్టగా ధ్వని దిగి పంచమపు ఛాయ దోచినది. చిన్న నిమ్మకాయంత పెట్టగా తంబురా షడ్జమునకు సరిగా ఒక స్థాయి క్రింద నిలిచినది. ఈనాడు పెక్కుమంది కోరునది ఈ మంద్రషడ్జమునే. అంతటితో నాగక పెద్ద నిమ్మకాయంత పెట్టి చూచితిమి. ధ్వని యింకను లోతునకు పోయినది గాని బలము పోయినది. తడిసిన దుప్పటిని దులిపినట్లు చప్పున అణగిపోయెను. అనగా, భారము హెచ్చినకొలది నాదము గంభీరమగునన్నది కొంతవరకే నిజము.

ముద్ద యెంతయన్నదే గాక ఎట్టిదన్నదియు చూడవలెను. గట్టిగా కలిపినచో సగము వాయింపులో పెచ్చులూడి ఒడిలో పడును. పలుచగా కలిపినచో జారి, తోలును నానబెట్టి, క్షణక్షణము శ్రుతిని మార్చును. మా అనుభవమున పూరీపిండికంటె మెత్తగా, గారెలపిండికంటె గట్టిగా నుండవలెను. రవ్వను కొద్దినీటిలో కాసేపు నాననిచ్చి, జిగురు వచ్చువరకు పిసికినగాని పట్టు చిక్కదు. ఈ పాకము మా అమ్మాయికంటె మాకు ముందు పట్టుబడినది. ఇరువది యేండ్లు పిండి పిసికిన చేతులు గదా!

రెండవ యాదివారము ముద్ద చోటును మార్చితిమి. నడుమనుండి రెండువ్రేళ్లు ప్రక్కకు జరుపగా ఒకే దెబ్బకు రెండు గొంతులు పలికినట్లయి, వానిమధ్య వడకు పుట్టెను. పిల్ల కిది మిక్కిలి నచ్చినది. దానిని “దెబ్బలాట స్వరము” అని పుస్తకమున వ్రాసికొన్నది. అదే ముద్దను పలుచగా వెడల్పుగా పరచినచో నాదము మొద్దుబారెను. ఇరుకుగా, నడుమ ఎత్తుగా కూర్చినచో నాదము చాలసేపు నిలిచెను. గోధుమపిండితోను చూచితిమి. ఉత్తరాది పఖవాజునకు గోధుమపిండియే పెట్టుదురు. అది రవ్వకంటె గట్టిగా పట్టుకొన్నది; ధ్వని మందముగా నున్నది. ముని చెప్పిన ఏకరూపదోషము మాకును కొంచెము తోచినది గాని, చదివినందువలన తోచెనో విని తోచెనో చెప్పజాలము. పారవేయనున్న పాత తొప్పితోలొకటి బుర్రకు బిగింపించి, కాలువగట్టు నల్లమట్టిని వస్త్రగాళితము చేసి పూసి చూచితిమి. అన్నిటికంటె తియ్యని లోతు దానిదే. కాని అరగంటలో బీటలువారి రాలిపోయెను. మంచి తోలుమీద నిట్టి పరీక్ష చేయరాదు.

మూడవ యాదివారము మా కసలు సంగతి చిక్కినది. అప్పటివరకు తోలును పొడిగా తుడిచి రవ్వ పెట్టుచుంటిమి. ఆ దినము ముందుగా తడిగుడ్డతో తొప్పినంతయు తుడిచి, తోలు కొంచెము మెత్తబడువరకు ఆగి, పిదప చిన్న నిమ్మకాయకు కొంచెము తక్కువగా ముద్ద పెట్టితిమి. వేసవి యెండకు తోలు బిగిసికొనిపోయి, పిల్ల మణికట్టు ఎంత నొక్కినను లొంగకున్నదని అప్పుడు తెలిసినది. బిగిసిన తోలు ధ్వనిని తేటగా పలికించును గాని జారనీయదు. సడలిన తోలు కొద్ది యొత్తిడికే స్వరమును పైకి తీసికొనిపోవును. అనగా తొప్పియొక్క విస్తారమంతయు అది నిలుచు స్వరమునందు లేదు. అచ్చటినుండి ఎంతదూరము ప్రయాణము చేయగలదో దానియం దున్నది. మా అమ్మాయి నాలుగైదుమారులు కొట్టి చూచి, ఆరవమారు మణికట్టు జరిపినది. గుమికి పలికెను. చిన్నదే, ఒక స్వరమునుండి ప్రక్క స్వరమువరకు మాత్రమే జారినది. పిల్ల మా ముఖము చూడలేదు, తండ్రి ముఖము చూడలేదు; తన చేతిని తిప్పి చూచుకొన్నది.

మేనత్తగారికి ఫోనులో వినిపించితిమి. “బాగున్నది గాని వీణయైతే ఇంకను బాగుండును” అనిరి. పెద్దవారు, వారి యభిప్రాయము వారిది. పిల్ల మాత్రము గుడ్డ తీసివేసినది. నాలుగవ యాదివారము పరీక్ష జరుగలేదు, సాధన జరిగినది.

ఆడువారి చేతికి మృదంగము లొంగదనువారికి వాదముతో పనిలేదు. మృదంగమున జీవితమంతయు కృషి చేసిన నిడుమోలు సుమతిగారు ఆంధ్రప్రదేశమునుండి 2021 లో పద్మశ్రీ పొందినారు. ఇక చేయి ఎట్టిదైనను వాద్యము దానికి తగినట్లు కుదురుననుటకు మరియొక నిదర్శనము పళని సుబ్రహ్మణ్య పిళ్లెగారు. 1962 లో పరమపదించిన యీ విద్వాంసులు ఎడమచేతివాటమువారు. అందరికిని ఎడమనుండు తొప్పి వారికి కుడివైపున నుండెడిది. తొప్పినాదమునకును గుమికికిని వారి పేరు నేటికిని చెప్పుకొందురు.

ఇతరదేశముల పెద్దడోలునకును ఇదే చిక్కు. మన పెండ్లియూరేగింపుల బ్యాండుమేళమున మెడకు తగిలించుకొని వాయించు పెద్ద డ్రమ్మును చూచియుందురు. దానికి రవ్వ లేదు. చుట్టునున్న మరలను త్రిప్పి తోలును బిగించుట, సడలించుట మాత్రమే కలదు. నాదము మితిమీరి మ్రోగకుండ కూర్చుండి వాయించు డ్రమ్ములలో దిండుగాని దుప్పటిగాని లోపల దూర్చుట గూడ కలదు. సడలినకొలది మంచిదని సామాన్యముగా ననుకొందురు. కాని ఇటలీదేశపు వెర్డీ 1874 లో వినిపించిన తన “రిక్వియెం” అను మహాగానమునందు, ప్రళయదినమును వర్ణించు ఘట్టమున, పెద్దడోలు త్రాళ్లను బాగుగా బిగింపుడని, దెబ్బ పొడిగా మిక్కిలి గట్టిగా రావలెనని స్పష్టముగా వ్రాసియుంచెను. ఉరుమునకు లోతు కావలెనని మన మనుకొనుచుండగా, ఆయన పిడుగుపాటుకొరకు బిగువు కోరినాడు. ఏ నాదము కావలెనో ముందు మనస్సున విని, పిదప మరయో రవ్వయో పట్టుకొనుట సరియైన క్రమము.

ఒక్క మాట ప్రక్కకు పోయి చెప్పవలసి యున్నది. విజయదశమినాడు మనము మృదంగమునకు కుంకుమ పెట్టి మ్రొక్కుదుము. దానికి తోలు కోసి, శుభ్రపరచి, చేతితో తడవి మందము చూచి కట్టినవారి పేరు మాత్రము మన యిండ్లలో నెవరికిని తెలియదు. టి. ఎం. కృష్ణగారు 2020 లో ప్రకటించిన “సెబాస్టియన్ అండ్ సన్స్” అను గ్రంథము ఈ కుటుంబములనుగూర్చియే. పాలఘాట్ మణి అయ్యర్ వంటి మహావిద్వాంసుని నాదము వెనుక పర్లాందు అను మృదంగకారుని చేతులు కలవని అందు చదివితిమి. విద్వాంసుడు కోరిన ధ్వనికై తోలును మార్చి మార్చి చూచినవారు వీరే. వీరి పరీక్షలముందు మా యాదివారపు పరీక్షలు పిల్లలాటలు. మా వాద్యమునకు తోలు మార్చిన వారిని ఈమారు లోపలికి పిలిచి కుర్చీ వేసి కాఫీ యిచ్చితిమి. మేనత్తగారు అప్పటికి ఊరికి వెడలియుండిరి, ఉన్నను ఇచ్చియుందుము.

జాబు వ్రాసిన సోదరికి ఇక చెప్పవలసినది స్వల్పము. ముందు తొప్పితోలు చిరిగెనేమో, అంచు లేచెనేమో వెలుతురున త్రిప్పి చూడుడు. చిరిగినచో తోలు మార్పించిన చాలును. బుర్ర మార్చుట అనవసరము. చిరుగు లేనియెడల తడిగుడ్డతో తుడిచి, ముద్దను సరిగా నడుమ పెట్టి, కొంచెము కొంచెముగా హెచ్చించుచు వినుడు. తొప్పి కుదిరిన పిదపనే కుడి మొగమును శ్రుతి చేయింపుడు. క్రమము తప్పినచో వారులవలన రెండుమారులు శ్రమపడవలెను. వానకాలమున తోలు తానే సడలును గనుక అప్పుడు నీరు తగ్గింపుడు. పంకా క్రింద కూర్చున్నచో ముద్ద ఆరి శ్రుతి పైకి పోవును. చిన్నవానిచెంత గిన్నెలో నీళ్లుంచి, నడుమనడుమ వ్రేలితో తడుపుకొనుమని చెప్పుడు. చిన్నవాని గురువుగారితో ముందుగా చెప్పియే యివన్నియు చేయుట మర్యాద.

సాధన ముగియగానే రవ్వను తీసి, తోలును తుడిచి ఆరబెట్టుడు. రాత్రి యట్లే విడిచినచో ఎలుకలకు విందు. అవి రవ్వతో నాగవు, తోలును గూడ కొరుకును. తీసిన రవ్వను మేము పెరటిలో చీమలకు వేయుచున్నాము. యవలపిండి యొకటి మాత్రము మేము పరీక్షింపలేదు. ఆ నెల మా యూరి యంగళ్లలో దొరకలేదు. దొరకిన సోదరీమణు లెవరైన పెట్టి చూచి, ఏ స్వరము పలికెనో మాకు వ్రాయుడు.